ఇంట్లో సముద్రం: నీరు తిరిగితేనే ప్రాణం!

మెడలో నల్లపూసల మధ్య రెండు పగడాలు గుచ్చుకోవడం మనకి అలవాటే. ఎర్రగా, నున్నగా మెరిసే ఆ పూస ఏ గనిలోనో దొరికే రాయి అని చాలామంది అనుకుంటారు. కాదు, అది ఒక ప్రాణి అస్థిపంజరం! మధ్యధరా సముద్రం అడుగున పెరిగే ఎర్ర పగడాన్ని ఇటలీలోని టొర్రె దెల్ గ్రెకో ఊరివాళ్ళు తరతరాలుగా సానబెట్టి పూసలు చేస్తున్నారు. దానికి దూరపు చుట్టాలే సముద్రంలో దిబ్బలు దిబ్బలుగా పెరిగే రంగురంగుల రాతి పగడాలు. ఈ దిబ్బల్ని ఇంగ్లీషులో 'రీఫ్' అంటారు. వాటిలో ఒక ముక్కను గాజుతొట్టెలో బతికించి ముందుగదిలో పెట్టుకుంటే అదే రీఫ్ అక్వేరియం.

2003లో 'ఫైండింగ్ నీమో' సినిమా వచ్చిన దగ్గర్నుంచి నారింజరంగు మీద తెల్లచారల క్లౌన్ చేప పిల్లలందరికీ నేస్తమైపోయింది. ఇప్పుడు సెల్‌ఫోన్లో వీడియోలు కూడా తోడయ్యాయి. "అమ్మా, మనింట్లో కూడా పెట్టుకుందామే!" అనే మాట నరసరావుపేటలోనైనా, మాచర్లలోనైనా, గురజాలలోనైనా ఏదో ఒకరోజు వినిపించక మానదు. తొట్టె ఎవరు కొన్నా, పిల్లలు బడికీ పెద్దలు పనికీ వెళ్ళాక దాన్ని కనిపెట్టుకుని ఉండేది ఎవరో వేరే చెప్పాలా? అందుకే 'సరే' అనేముందు అసలు సంగతి తెలుసుకుంటే మంచిది. ఆ అసలు సంగతి చేపలు కాదు, రంగులు కాదు. నీళ్ళు తిరగడం!

కాళ్ళు లేని ప్రాణి

చేపకి ఆకలేస్తే ఈదుకుంటూ వెళ్ళి తింటుంది. పగడం ఉన్నచోటు నుంచి కదల్లేదు. తిండి, ప్రాణవాయువు దాని దగ్గరికే రావాలి. అది వదిలిన మలినాన్ని ఎవరో ఒకరు తీసుకుపోవాలి. సముద్రంలో ఈ పనంతా అలలు, పోటు, ఆటు చేసిపెడతాయి. తొట్టెలో నీరు కదలకపోతే పగడం ఒంటిని అంటుకుని పలచటి నీటిపొర ఒకటి అలాగే నిలిచిపోతుంది. ఆ పొరలో ప్రాణవాయువు తరుగుతుంది, మలినం పెరుగుతుంది. పైగా చెత్తంతా రాళ్ళ సందుల్లో చేరి కుళ్ళుతుంది.

అందుకే నీటి కదలికకి ఒక లెక్కుంది. మెత్తటి పగడాలకైతే తొట్టెలో నీరంతా గంటకి పది నుంచి ఇరవై సార్లు తిరగాలి. కొమ్మలు కొమ్మలుగా పెరిగే రాతి పగడాలకి ముప్ఫై, నలభై సార్లు తిరిగినా ఎక్కువేం కాదు. 200 లీటర్ల తొట్టెలో గంటకి 20 సార్లు అంటే 4,000 లీటర్లు. ఇంట్లో పోల్చి చూసుకోవాలంటే, 20 లీటర్ల బకెట్టు 18 సెకన్లలో నిండాలన్నమాట! పంపు అట్టపెట్టె మీద రాసిన అంకె గొట్టాలు బిగించాక ఎప్పుడూ తగ్గుతుంది. కొనేటప్పుడు కాస్త పెద్దదే చూసుకోవాలి.

కాఫీ తిరగబోసినట్టు!

ఈ అక్వేరియం విద్యకి మొదట దారి వేసింది ఆడవాళ్ళే అంటే ఆశ్చర్యంగా ఉంటుంది. జీన్ విల్‌ప్రూ పవర్ 1794లో ఫ్రాన్సులోని ఒక పల్లెటూళ్ళో పుట్టింది. పారిస్ చేరి బట్టలు కుట్టి బతికింది. 1816లో ఒక రాకుమారి పెళ్ళిగౌనుకి ఎంబ్రాయిడరీ చేసి పేరు తెచ్చుకుంది. పెళ్ళయ్యాక ఇటలీలోని సిసిలీ దీవికి కాపురానికి వెళ్ళి, అక్కడి సముద్రప్రాణుల్ని గమనించడం మొదలుపెట్టింది. 1832లో గాజుతొట్టె తయారుచేయించి, ఆర్గొనాట్ అనే ఆక్టోపస్ జాతి ప్రాణిని అందులో ఉంచి చూసింది. దాని గుల్ల ఎక్కడో దొంగిలించి తెచ్చుకున్నది కాదు, అదే తయారుచేసుకుంటుందని నిరూపించింది. సూది పట్టిన చేత్తోనే శాస్త్రాన్నీ పట్టుకుందన్నమాట!

రెండో ఆవిడ లండన్‌కి చెందిన అన్నా థిన్. 1846లో టార్కీ అనే సముద్రతీరపు ఊరికి వెళ్ళినప్పుడు రాతి పగడాల్ని చూసి ముచ్చటపడి ఇంటికి తెచ్చుకుంది. కరెంటు లేదు, పంపు లేదు. మరి నీళ్ళకి గాలి ఎలా? తెరిచిన కిటికీ ముందు నిలబడి ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి, మళ్ళీ ఇందులోంచి అందులోకి ఉప్పునీళ్ళు పోయించేది. అచ్చం మనం కాఫీ తిరగబోసినట్టు! రోజూ అరగంటకి పైగా ఈ పని చేసింది ఆ ఇంటి పనమ్మాయి. చరిత్రలో అన్నా థిన్ పేరుంది. చేతులు నొప్పిపుట్టేలా నీళ్ళు తిరగబోసిన ఆ అమ్మాయి పేరు మాత్రం ఎక్కడా కనిపించదు. తర్వాత సముద్రపు మొక్కల్ని కూడా తొట్టెలో వేసి, ఆ పగడాల్ని దాదాపు మూడేళ్ళపాటు బతికించారు. ఈనాటి పంపు చేసేది ఆ పనమ్మాయి పనే!

సంపు వేరు, క్లోజ్డ్ లూప్ వేరు

మనింట్లో నేలలో సంపు, డాబామీద ట్యాంకు ఉంటాయి కదా. మోటారు సంపులోంచి నీళ్ళని పైకి ఎత్తుతుంది. రీఫ్ అక్వేరియం కింద కూడా బల్లలో ఒక చిన్న సంపు పెడతారు. తొట్టె అంచు మీదుగా పొర్లిన నీరు అందులోకి దిగుతుంది, శుభ్రపడి పంపుతో మళ్ళీ పైకి వస్తుంది. ఎత్తు పెరిగినకొద్దీ పంపుకి శ్రమ, మనకి కరెంటు ఖర్చు. గంటకి నాలుగువేల లీటర్లు ఇలా కింద నుంచి ఎత్తి పోయాలంటే పెద్ద పంపే కావాలి.

క్లోజ్డ్ లూప్ ఇంకోరకం. తొట్టెకే ఒక రంధ్రం పెట్టి, గొట్టం ద్వారా నీటిని నేరుగా బయటి పంపులోకి తీసుకుంటారు. పంపు ఆ నీటిని వేరే గొట్టాల ద్వారా తిరిగి అదే తొట్టెలోకి పంపుతుంది. మధ్యలో ఎక్కడా గాలి తగలదు, సంపు లేదు. గొట్టమంతా నీటితో నిండే ఉంటుంది.

ఇందులో కిటుకు తెలియాలంటే గిలకబావిని గుర్తు తెచ్చుకోండి. గిలకమీద తాడుకి రెండువైపులా రెండు బొక్కెనలు కడితే, కిందికి దిగే బొక్కెన బరువు పైకొచ్చే బొక్కెనకి సాయం చేస్తుంది. లాగేవాళ్ళకి శ్రమ తగ్గుతుంది. ఇక్కడా అంతే. ఒక గొట్టంలో దిగే నీటి బరువు రెండో గొట్టంలో ఎక్కే నీటి బరువుకి సరిపోతుంది. పంపుకి మిగిలేది గొట్టాల్లో, వంపుల్లో రాపిడి మాత్రమే. అందుకే చిన్న పంపు కూడా ఎక్కువ నీటిని తిప్పగలదు.

ఇంకో సుఖం ఏమిటంటే, కరెంటు పోయినప్పుడు క్లోజ్డ్ లూప్ నుంచి నీళ్ళు పొర్లవు. నీరు ఎక్కడిదక్కడే ఆగుతుంది. పంపు బయట ఉంటుంది కాబట్టి నీళ్ళలో కరెంటు తీగ ఉండదు, తొట్టెలోకి చేరే వేడీ తక్కువ.

అలాగని సంపుని పూర్తిగా మానెయ్యడానికి లేదు. క్లోజ్డ్ లూప్ నీటిని తిప్పుతుందే గానీ శుభ్రం చేయదు. మురికిని నురగగా తీసేసే స్కిమ్మరు, వేడిని తగ్గించే చిల్లరు సంపు దగ్గరే ఉంటాయి. అందుకని సంపుకి చిన్న పంపు, నీళ్ళు తిప్పడానికి క్లోజ్డ్ లూప్... ఇలా రెండూ కలిపి పెట్టుకుంటారు.

అమర్చేటప్పుడు

ప్లంబరుని పిలిచినా, పక్కన నిలబడి చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

రంధ్రం మామూలు గాజుకే పెట్టగలం. టఫెన్డ్ గాజుకి డ్రిల్లు తగిలితే ముక్కలైపోతుంది. కాబట్టి తొట్టె కట్టించేటప్పుడే రంధ్రాలు పెట్టించాలి.

నీరు పీల్చే చోట జాలీ తప్పనిసరి. ఒకటి కాదు, రెండు రంధ్రాలుంటే మేలు. ఒకదానికి నాచు అడ్డుపడినా రెండోది పనిచేస్తుంది. ఒక్కటే ఉంటే లాగుడు ఎక్కువై చిన్నచేపలు జాలీకి అతుక్కుపోతాయి.

రంధ్రం ఎంత ఎత్తులో ఉండాలన్నది చాలా ముఖ్యం. ఎప్పుడైనా గొట్టం జాయింటు ఊడిందనుకోండి, ఆ రంధ్రానికి పైనున్న నీళ్ళన్నీ ఇంట్లోకే! అడుగున రంధ్రం పెడితే తొట్టె మొత్తం ఖాళీ అవుతుంది. వెనక గాజుకి పైభాగంలో పెడితే కొద్ది నీళ్ళే పోతాయి. తిరిగొచ్చే గొట్టాల మూతులు కూడా మరీ లోతుకి వెళ్ళకూడదు. లేకపోతే అటునుంచి నీళ్ళు వెనక్కి లాగుతాయి.

పంపు నీటిమట్టానికి కిందే ఉండాలి. చాలా పంపులు నీటిని తమంతట తాము పైకి పీల్చుకోలేవు, నీరు వాటంతట అది దిగి రావాలి. పీల్చే గొట్టం పంపు మూతికన్నా సన్నగా ఉండకూడదు. వంపులు ఎంత తక్కువైతే అంత మంచిది.

పంపుకి రెండువైపులా బాల్ వాల్వు, యూనియన్ పెట్టించండి. పంపు చెడితే రెండు వాల్వులూ మూసి, మరలు విప్పి బయటికి తీసుకోవచ్చు. తొట్టె ఖాళీ చెయ్యక్కర్లేదు. అయితే పంపు నడిచేటప్పుడు పీల్చేవైపు వాల్వు పూర్తిగా తెరిచే ఉండాలి. ధార తగ్గించాలనుకుంటే పంపు తర్వాతి వాల్వునే తిప్పాలి.

ఇత్తడి వాల్వు, రాగి గొట్టం అసలు వద్దు! వాటిలోని రాగి ఉప్పునీళ్ళలో కరిగితే పగడాలు, రొయ్యలు, నత్తలు బతకవు. అంతా ప్లాస్టిక్కే వాడాలి. అతికించాక ఒకరోజంతా ఆరనిచ్చి, వారంపాటు మామూలు నీళ్ళతో నడిపి, జాయింట్ల కింద పాత న్యూస్‌పేపరు పరిచి చూడండి. చెమ్మ తగిలితే ఇట్టే తెలిసిపోతుంది.

ధారని పగడం మీదకి సూటిగా తిప్పకూడదు. రెండు ధారలు ఎదురెదురుగా వచ్చి ఢీకొనేలా పెడితే నీరు అటూ ఇటూ అలల్లా కదులుతుంది. ఒక మూతి మాత్రం పైకి చూడాలి. పైనీరు కదిలితేనే తొట్టెలోకి ప్రాణవాయువు చేరుతుంది.

రెంటచింతల ఎండకి తట్టుకుంటుందా?

ఇక మన ఊళ్ళ సంగతి. రాతి పగడాలకి 25, 26 డిగ్రీల వేడి హాయి. 30 దాటి రోజుల తరబడి ఉంటే వాటి ఒంట్లో కాపురముండి తిండి తయారుచేసే సూక్ష్మమైన నాచు బయటికి పోతుంది. పగడం తెల్లగా పాలిపోతుంది. చివరికి ఆకలితో చస్తుంది. సముద్రంలోనూ ఇదే జరుగుతోంది. 1998లో, 2016లో మన దేశపు పగడపు దిబ్బలు ఇలా పాలిపోయాయి. ప్రపంచమంతటా నాలుగోసారి పాలిపోతున్నాయని 2024 ఏప్రిల్లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రకటించారు.

మరి పల్నాడులో? ఎండాకాలం వార్తల్లో రెంటచింతల పేరు వినపడని ఏడాది ఉంటుందా? పగటి వేడి 45 డిగ్రీలు దాటే చోట తొట్టెకి ఫ్యాను గాలి ఒక్కటే చాలదు. చిల్లరు కావాలి. అప్పుడు కరెంటు లెక్క ఇలా ఉంటుంది. 40 వాట్ల లూప్ పంపు రాత్రింబవళ్ళు నడిస్తే నెలకి 29 యూనిట్లు. 30 వాట్ల సంపు పంపుకి 22. వంద వాట్ల దీపాలు రోజుకి ఎనిమిది గంటలు వెలిగితే 24. మూడొందల వాట్ల చిల్లరు రోజుకి పది గంటలు నడిస్తే 90. మొత్తం 165 యూనిట్లు! ఇంటి వాడకానికి ఇది తోడైతే మీటరు పై శ్లాబులోకి ఎగబాకుతుంది. అద్దె ఇంట్లో ఉండేవాళ్ళు మరీ ఆలోచించుకోవాలి.

కరెంటు పోతే నీళ్ళు పొర్లకపోవచ్చు గానీ, కదలిక ఆగిన తొట్టెలో ప్రాణవాయువు కొద్ది గంటల్లోనే తగ్గిపోతుంది. ఇన్వర్టరుకి కనీసం లూప్ పంపునైనా కలపాలి. లేదా బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు చేతికి అందేలా ఉంచుకోవాలి.

నీళ్ళు, ఉప్పు, సున్నం

బాపట్ల దగ్గర సూర్యలంకకి వెళ్ళి క్యానుల్లో నీళ్ళు తెచ్చుకుంటే సరిపోదా అని అడగొచ్చు. ఒడ్డున దొరికే బురదనీరు పగడాలకి పనికిరాదు. వంటింటి ఉప్పూ పనికిరాదు. అక్వేరియం కోసమే అమ్మే సముద్రపు ఉప్పు మిశ్రమంలో కాల్షియం, మెగ్నీషియం వంటివన్నీ పాళ్ళప్రకారం ఉంటాయి. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉండాలి. 200 లీటర్ల తొట్టెకి ఏడు కిలోలకి పైమాటే. అంత తొట్టె నీళ్ళే 200 కిలోల బరువు. రాళ్ళు, గాజు, బల్ల అదనం. బల్ల గట్టిగా ఉండాలి సుమా!

ఉప్పు కలిపే నీళ్ళు ఆర్వో నీళ్ళే అయ్యుండాలి. మన బోరునీళ్ళలో ఏముందో పప్పు ఉడకనప్పుడే తెలిసిపోతుంది కదా. ఆర్వో మిషను లీటరు మంచినీళ్ళు ఇచ్చేసరికి రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. వేసవిలో బిందె నీళ్ళకి కూడా చూసి చూసి వాడుకునే ఇళ్ళలో ఇది చిన్న విషయం కాదు. ఆ నీటిని నేల తుడవడానికీ, అంట్లు కడగడానికీ పట్టి ఉంచుకోవాలి. తొట్టె నీరు ఆవిరవుతుంటే నీళ్ళే పోతాయి, ఉప్పు లోపలే ఉంటుంది. అందుకని తరిగిన మేరకి రోజూ ఉప్పు లేని మంచినీళ్ళే పొయ్యాలి. మళ్ళీ ఉప్పునీళ్ళే పోస్తే నాలుగురోజుల్లో కటిక ఉప్పవుతుంది.

ఇందులో మన పల్నాటి చుట్టరికం ఒకటుంది. పగడం కట్టుకునే ఇల్లు, పిడుగురాళ్ళ బట్టీల్లో కాల్చే సున్నపురాయి, మనింట్లో పరిచిన నాపరాయి... మూడింటిలో ముఖ్యమైన పదార్థం ఒక్కటే, కాల్షియం కార్బొనేట్. పల్నాటి సున్నపురాయి కూడా ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్నదే. అయితే అప్పటికి భూమ్మీద పగడాలు ఇంకా పుట్టనేలేదు! పగడాలు పెంచేవాళ్ళు రోజూ పోసే మంచినీళ్ళలో కొద్దిగా సున్నపు తేట కలిపి చుక్కలు చుక్కలుగా వదులుతారు. కాల్షియం అందడానికి అదొక పద్ధతి. గోడలకి వేసే సున్నం మాత్రం వాడకూడదు, అందులో వేరే మలినాలుంటాయి. సున్నపు తేట కళ్ళలో పడితే ప్రమాదం. పిల్లలకి అందనివ్వకండి.

జైలు దాకా వెళ్ళొద్దు

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. మన దేశంలో దిబ్బలు కట్టే రాతి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. అదే షెడ్యూల్లో పులి కూడా ఉంది! వాటిని సముద్రంలోంచి తీసినా, అమ్మినా, కొన్నా మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలుశిక్ష పడొచ్చు. సముద్రగుర్రాలకీ ఈ రక్షణ ఉంది. 'రామేశ్వరం సరుకు, చవగ్గా ఇస్తాం' అని ఎవరైనా అంటే నమ్మొద్దు. అక్కడి మన్నారు సింధుశాఖలో 21 దీవుల చుట్టూ ఉన్న సముద్రం 1986 నుంచి జాతీయ పార్కు. కాబట్టి పగడం లేకుండా కృత్రిమ రాళ్ళు, పెంపకం చేపలతోనే ఉప్పునీటి తొట్టె పెట్టుకోవడం క్షేమం.

పెంపకం చేపలంటే గుర్తొచ్చింది. లక్షద్వీపాల్లోని అగత్తిలో జాతీయ మత్స్య జన్యువనరుల సంస్థ శాస్త్రవేత్తలు ద్వీపంలోని మహిళలకి శిక్షణ ఇచ్చి, రంగురొయ్యలూ క్లౌన్ చేపలూ పెంచడం నేర్పించారు. దిబ్బ జోలికి వెళ్ళకుండా తొట్టెల్లోనే పిల్లల్ని పెంచి అమ్ముకుంటే వాళ్ళ చేతికి నాలుగు డబ్బులూ వస్తాయి, సముద్రమూ చల్లగా ఉంటుంది.

ముందు మంచినీటితో మొదలుపెట్టండి

ఇంత చదివాక 'అమ్మో, మనకెందుకులే' అనిపిస్తోందా? పిల్లల సరదా తీర్చే దారి ఇంకోటుంది. మంచినీటి తొట్టెలకి వాడే క్యానిస్టర్ ఫిల్టరు కూడా క్లోజ్డ్ లూపే! మూత బిగించిన డబ్బాలోకి ఒక గొట్టంలో నీరు దిగుతుంది, స్పాంజిల్లో శుభ్రపడి ఇంకో గొట్టంలో తొట్టెలోకి ఎక్కుతుంది. గాజుకి రంధ్రం అక్కర్లేదు, చిల్లరు అక్కర్లేదు. మోలీ, గప్పీ, ప్లాటీ చేపలకి మన గడుసు నీళ్ళే ఇష్టం. మున్సిపల్ కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోయేదాకా ఒకరోజు నిల్వ ఉంచి పొయ్యండి. వేడి విషయంలోనూ అవి అంత సుకుమారం కావు. తొట్టె ఎండ తగలని చోట పెడితే చాలు.

ఏ తొట్టె అయినా నీళ్ళు పోసిన రోజునే చేపల్ని వెయ్యకూడదు. చేపల మలినంలోంచి పుట్టే అమ్మోనియా విషం. దాన్ని విరిచే సూక్ష్మజీవులు రాళ్ళమీద, స్పాంజిలో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాలు తోడుకోకముందే కదిపితే పెరుగవుతుందా? ఇదీ అంతే!

ఒక ఏడాది, అందులో ఒక నిండు వేసవి, ఈ మంచినీటి తొట్టె సాఫీగా నడిచిందనుకోండి. నీళ్ళు మార్చే వంతు, జాలీ కడిగే వంతు ఇంట్లో అందరూ పంచుకున్నారనుకోండి. అప్పుడు ఉప్పునీటి తొట్టె గురించి ధైర్యంగా ఆలోచించొచ్చు. ఆ వంతులన్నీ చివరికి మీ ఒక్కరి మీదే పడితే మాత్రం, పిల్లలకి ఆ మాటే చెప్పి అక్కడితో ఆపడమే మంచిది.

గుర్తుంచుకోండి

* తొట్టె లైనుకి ఎర్త్ లీకేజీ బ్రేకరు పెట్టించండి. స్విచ్చులన్నీ ఆపకుండా నీళ్ళలో చెయ్యి పెట్టకండి, పిల్లల్ని పెట్టనివ్వకండి.

* ప్లగ్గు తొట్టెకి కింద ఉంటే తీగని ముందు కిందికి వేలాడదీసి, తర్వాత పైకి తీసుకెళ్ళి గుచ్చండి. తీగ వెంట జారిన నీటిచుక్క వంపు దగ్గరే కిందపడుతుంది, ప్లగ్గులోకి పోదు.

* వారానికోసారి జాలీ శుభ్రం చెయ్యండి. మూడునెలలకోసారి పంపు విప్పి వెనిగర్ కలిపిన నీళ్ళలో నానబెడితే తెల్లగా పట్టిన సున్నం వదులుతుంది. తర్వాత మంచినీళ్ళతో బాగా కడగండి.

* ఉప్పునీటి తొట్టెలో రెండువారాలకోసారి పదోవంతు నీరు మార్చండి. కొత్తనీరు ముందురోజే ఉప్పు కలిపి సిద్ధంగా ఉంచుకోండి.

* వాల్వులు ఎటు తిప్పితే మూసుకుంటాయో ఇంట్లో అందరికీ చూపించండి. నీళ్ళు కారేది మీరు ఊళ్ళో లేనప్పుడే!